‘ఆ రోజులే వేరు’ అనే అమ్మను కూర్చోబెట్టి అడిగితే

మా అమ్మ, పెద్దమ్మ, పిన్ని, పెద్దమావయ్య ఏ పెళ్లికో సంక్రాంతికో ఒకచోట చేరితే మాట ఎటు మొదలైనా చివరికి చిన్నతనం మీదికే వెళ్తుంది. తాటిపండ్లు, గానుగ దగ్గర వేడి పాకం, గెడ్డలో (వాగులో) ఈతలు, తెల్లవార్లూ తూర్పు భాగోతం. ఎవరో ఒకరు "ఆ రోజులే వేరు" అంటారు, మిగతావాళ్లు తలూపుతారు. వినే పిల్లలకు అది ముచ్చటైన కథ. నాకు మాత్రం రెండు సంగతులు ఎప్పుడూ అంతుపట్టేవి కావు. అంత హాయిగా గడిచిన చిన్నతనమైతే, మనవడు పళ్లెంలో అన్నం వదిలేసినప్పుడు అమ్మ మొహం ఎందుకు అలా అయిపోతుంది? ఆ కబుర్లు మొదలయ్యేసరికి పెద్దమావయ్య ఎందుకు లేచి బయటికి వెళ్లిపోతాడు?

వాళ్ల ఊరు మాడుగుల వైపు, కొండల కింద. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లాలో చేరింది కానీ వీళ్లందరికీ ఇప్పటికీ అది విశాఖ జిల్లాయే. నాన్న పోయాక అమ్మ విశాఖ గోపాలపట్నంలో మా ఇంట్లోనే ఉంటోంది. వయసు డెబ్బై దాటింది. జ్ఞాపకం గట్టిగా ఉండగానే ఆవిడ చిన్నతనం మొత్తం ఆవిడ గొంతులోనే రికార్డు చేసి, తర్వాత రాసి పెట్టాలనుకున్నాను. ఇంట్లో పెద్దవాళ్లుండి, ఇలాంటి పని చేద్దామనుకునేవాళ్లకు పనికొస్తుందని ఆ పని ఎలా సాగిందో ఇక్కడ చెబుతున్నాను.

సామాను సంగతి ఒక్క ముక్కలో అయిపోతుంది. మామూలు ఫోను చాలు. ఫ్యాను ఆపాలి, కుక్కరు పొయ్యి మీద ఉండకూడదు, ఫోన్లు రాకుండా ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాలి. ఫోను మంచం మీద పెట్టి మరిచిపోయినట్టు ఉంటే, కాసేపటికి వాళ్లూ మరిచిపోతారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, చేతిలో చింతపండు ఈనెలు తీసే పనో చిక్కుడుకాయలు ఒలిచే పనో ఉన్నప్పుడు అమ్మ చెప్పినట్టు ఇంకెప్పుడూ చెప్పలేదు. చేతులు ఖాళీగా ఉంటే ఆవిడకు మాట రాదు.

కష్టమంతా అడగడంలోనే ఉంది. "చిన్నప్పుడు ఎలా ఉండేదమ్మా" అంటే "ఏటున్నాదే మనకి? అయినా బాగుండీది" అన్న జవాబుతో కథ ముగుస్తుంది. ఆ మాట అబద్ధమని కాదు. అరవై ఏళ్లుగా చెప్పి చెప్పి నున్నగా అయిపోయిన మాట అది. దాని కిందికి దిగాలంటే నెల పేరు పట్టుకోవాలి, లేదా ఒక వస్తువును, ఒంటి మీద మచ్చను, నడిచిన దారిని పట్టుకోవాలి. "శ్రావణ మాసంలో పొద్దున్న లేచాక మొదట ఏం తాగేవారు? ఎవరు పోసేవారు? అమ్మమ్మ ఎప్పుడు తాగేది?" అని అడిగితే మనిషి ఒక్కసారి ఆ వాకిట్లోకి వెళ్లిపోతుంది.

అలా నెలల లెక్కన తిండి గురించి అడుగుతూ పోయాను. కార్తీకం, మార్గశిరంలో వరి కోతలు. కూలి ధాన్యంగా వస్తుంది కాబట్టి సంక్రాంతి వరకు అన్నం కనిపించేది. ఆ తర్వాత చోడి (రాగి) అంబలి, గంటి (సజ్జ) అంబలి. కుండలో కాచిన అంబలి మర్నాటికి పులిస్తే అందులో పచ్చి ఉల్లిపాయ, మిరపకాయ. ఎండాకాలం వచ్చేసరికి చోళ్లు కూడా అడుగంటేవి. అప్పుడు మామిడి టెంకలు. పళ్లు తినేది ఎవరైనా, టెంకలు ఏరుకోవడం పిల్లల పని. టెంక పగలగొట్టి లోపలి జీడి తీసి, గుడ్డలో కట్టి గెడ్డ నీళ్లలో వేసి, వగరు పోయేదాకా నానబెట్టి, ఎండబెట్టి పిండి చేసి దాచేది అమ్మమ్మ. ఆ పిండి ఆషాఢానికి. పునాస చోళ్లు కోతకు వచ్చేది భాద్రపదంలో. మధ్యలో ఉన్న ఆ ఆషాఢం, శ్రావణం దాటించడానికి అమ్మమ్మ ఎండాకాలం అంతా టెంకలు నానబెట్టేది.

"ఆ రెండు నెలలూ ఇంకేం తినేవారు?" అని అడిగాను.

"తాటిపండ్లు" అంది అమ్మ, వెంటనే, నవ్వుతూ.

తెల్లవారకముందే లేచి తాటితోపుకి పరిగెత్తడం, రాత్రి రాలిన పళ్ల కోసం పక్కింటి పిల్లలతో పోటీ, పిడకల మంటలో కాల్చడం, మొహమంతా పసుపు గుజ్జు పూసుకుంటూ పీచు చీకడం... మా పిల్లలకు ఆవిడ వందసార్లు చెప్పిన కథ ఇదే. కానీ ఆ రోజు నెలల వరసలో వచ్చింది కాబట్టి అది ఎక్కడ కూర్చుందో మొదటిసారి చూశాను. తాటిపండ్లు రాలేది శ్రావణ భాద్రపదాల్లో. ఇంట్లో గింజ లేని రోజుల్లోనే. పొద్దున్నే పరిగెత్తింది సరదాకి మాత్రమే కాదు. ఆ పండు దొరక్కపోతే మధ్యాహ్నం వరకు మరేమీ లేదు. తిన్నాక టెంకలన్నీ పోగుచేసి పెరట్లో పాతర వేస్తే పుష్య మాఘాలకు తేగలయ్యేవి. తేగలు తవ్వేటప్పుడు బుర్ర కొట్టి గుంజు తినడం ఇంకో ముచ్చట. ఒకే పండుతో రెండు కాలాలు గడిపేవారు. అమ్మ జ్ఞాపకాల్లో అన్నిటికంటే తియ్యనిది ఆకలి నెలల తిండేనని తెలిశాక, రికార్డింగు ఆపి కాసేపు వంటింట్లో నిలబడిపోయాను.

అయితే ఆ సంతోషం ఉత్తదని నేను అనను. ఏడెనిమిదేళ్ల పిల్లకు అందరికంటే ముందు తోపుకి చేరి, పెద్ద పండు ఎత్తుకొచ్చి, దాన్ని అమ్మ చేతిలో పెట్టడం నిజంగా గొప్పే. అమ్మమ్మ ఆ పండు చూసి నవ్వేదట. తన ఆకలి కంటే ఆ నవ్వే అమ్మకు ఎక్కువ గుర్తుంది. రెండూ ఒకే పొద్దున జరిగాయి కాబట్టి రెండూ రాశాను.

గానుగ సంగతీ ఇలాగే తేలింది. మా ప్రాంతం అంతా చెరకే. అనకాపల్లిలో చెరకు పరిశోధన కేంద్రం 1913లో పెట్టారంటే ఈ పంట ఇక్కడ ఎంత పాతుకుపోయిందో తెలుస్తుంది. సంక్రాంతి తర్వాత గానుగలు మొదలై శివరాత్రి దాటేదాకా నడిచేవి. చల్లటి రాత్రి, పెద్ద పెనంలో ఉడికే రసం, పొయ్యిలో పిప్పి మంట, చెరకు ముక్కను పాకంలో ముంచి చుట్టి ఇస్తే చప్పరించడం. వినడానికి ఎంతో బాగుంటుంది. "అర్ధరాత్రి నువ్వు అక్కడెందుకున్నావమ్మా?" అని అడిగాను. ఎడ్ల వెనక తిరగడానికి. ఎడ్లు ఆగకుండా చూడడం, గానుగలోకి చెరకు అందించడం పిల్లల పని. కాళ్లు మంచుకి మొద్దుబారేవి, నడుస్తూనే నిద్రపోయేవాళ్లు. కూలి ఏమిటంటే తెల్లారాక ఇంటికి తెచ్చుకునే బెల్లం ముద్ద, దాంతోపాటు అడ్డెడు చోళ్లు.

ఏ సంవత్సరం ఏం జరిగిందో తేల్చుకోవడానికి మరో పద్ధతి కావాల్సి వచ్చింది. వీళ్లకు ఇంగ్లీషు సంవత్సరాలు తెలియవు. ఊరంతటికీ గుర్తున్న సంఘటనల పక్కన పెట్టి చూసుకోవాలి. అమ్మ పుట్టింది నందన సంవత్సరం, చోడి కోతల్లో. అంటే 1952. ఒక ఏడాది గానుగాడుతుండగా ప్రపంచం మునిగిపోతుందని అందరూ పని ఆపేసి రామాలయంలో రాత్రీ పగలూ భజనలు చేశారని, ఆ రాత్రులు తను ఇంట్లో పడుకున్నానని చెప్పింది. అది 1962 ఫిబ్రవరి మొదటి వారంలో వచ్చిన అష్టగ్రహ కూటమి. దేశమంతా యాగాలు, భజనలు జరిగిన సందర్భం. అప్పటికి ఆవిడకు తొమ్మిదేళ్లు. మావయ్య తన సంగతికి కొత్త పైసలు గుర్తు చెప్పాడు. అణాలు పోయి నయా పైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. నెహ్రూ పోయిన ఎండాకాలం, చైనా యుద్ధం, 1965 చలికాలం ముందు తెల్లవారుజామున కనబడ్డ తోకచుక్క, ఇలా ఒక్కొక్కటీ కాగితం మీద వరసగా రాసుకుని, వాళ్లు చెప్పే ప్రతి సంగతినీ "దీనికి ముందా, తర్వాతా?" అని అడిగేదాన్ని.

ఊరికి వెళ్లినప్పుడు అమ్మను బడికి తీసుకెళ్లాను. పెంకుటిల్లు పోయి స్లాబు వచ్చింది. హెడ్‌మాస్టారు మమ్మల్ని కూర్చోబెట్టి, బీరువాలోంచి అట్టలూడిన అడ్మిషన్ రిజిస్టర్లు తీయించారు. అమ్మ పేరు దొరికింది. పుట్టిన తేదీ జూలై 1 అని ఉంది, ఆ పేజీలో సగం మంది పిల్లలకు అదే తేదీ. పంతులుగారు బడి వయసు సరిపోయేలా వేసినవి. చివరి గడిలో 1962లో పేరు తీసేసినట్టు, కారణం ‘దీర్ఘకాలం గైర్హాజరు’ అని ఉంది. ఆ పేరు తీసేసిన నాటికి ముందు నెలలు ఏవో మాకు అప్పటికే తెలుసు. భజనల వల్ల గానుగ ఆగిన ఆ నాలుగు రాత్రులు తప్ప మిగతా రాత్రులన్నీ ఎడ్ల వెనకే గడిచిన నెలలవి. 1961 జనాభా లెక్కల ప్రకారం మన రాష్ట్రంలో చదవడం రాయడం వచ్చిన ఆడవాళ్లు నూటికి 12 మంది. మూడో తరగతితో ఆగిన మా అమ్మ ఆ పన్నెండు మందిలోకి వచ్చిందో లేదో చెప్పలేను. ఈనాడు పేపరు మాత్రం ఇప్పటికీ వేలు పెట్టి కూడబలుక్కుని మొత్తం చదువుతుంది. ఆ గడి మీద వేలు పెట్టి చదివి, "రాకపోతే తీసేరా మరి" అని హెడ్‌మాస్టారు వంక చూసి నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

పెద్దమ్మ దగ్గర కూర్చోవడం అన్నిటికంటే బరువైన పని. అమ్మ ఎప్పుడూ "మేం అయిదుగురం" అంటుంది. పెద్దమ్మ "ఏడుగురం" అంది. నా దగ్గరున్న వంశవృక్షం కాగితంలో అయిదు పేర్లే ఉన్నాయి. పెద్దమ్మ మొహం నిండా స్ఫోటకం మచ్చలు. ఆ రోజుల్లో దాన్ని జబ్బు అనేవారు కాదు, అమ్మవారు పోసింది అనేవారు. వేపమండలు పరిచి పడుకోబెట్టి, ఇంట్లో పోపు పెట్టకుండా, బయటివాళ్లను రానివ్వకుండా ఉండేవారు. ఆ ఏడాది టీకాల ఉద్యోగి ఊళ్లోకి వస్తే అమ్మమ్మ పిల్లల్ని గాదెలో దాచేసింది. ఆయన వెళ్లిపోయాక కొన్నాళ్లకు ఇద్దరు పిల్లలకు పోసింది. పెద్దమ్మ బతికింది. ఆమె తర్వాతివాడు, నాలుగేళ్ల తమ్ముడు, పోయాడు. ఇంకొక చెల్లి పురిట్లోనే పోయింది. మునసబు, కరణం రాసే రోజుల్లో చావులూ పుట్టుకలూ అన్నీ కాగితానికి ఎక్కేవి కావు. జనన మరణాల నమోదుకు దేశమంతటికీ కలిపి చట్టం వచ్చిందే 1969లో. ఆ పిల్లవాడు ఉన్నాడనడానికి పెద్దమ్మ నోటిమాట తప్ప మరో ఆధారం లేదు.

ఆ తర్వాత పుట్టినవాళ్లకు అమ్మమ్మ తనే వెతుక్కుంటూ వెళ్లి టీకాలు వేయించింది. అమ్మ ముంజేతి మీద గుండ్రటి మచ్చలు రెండున్నాయి. చక్రంలాంటి మొనను చర్మం మీద పెట్టి తిప్పేవారు కాబట్టి అలా పడేవి. నా చిన్నప్పట్నుంచి చూస్తున్న మచ్చలవి. వాటి వెనక ఒక పిల్లవాడి చావు, అమ్మమ్మ గుండెకోత ఉన్నాయని పెద్దమ్మ చెబితేనే తెలిసింది. స్ఫోటకం మన దేశం నుంచి 1975లో పోయింది. పెద్దమ్మ మొహం మీది మచ్చలు మాత్రం ఆమె జీవితాన్ని ముందే తేల్చేశాయి. సంబంధాలు రాలేదు, చివరికి ఇద్దరు పిల్లలున్న రెండోపెళ్లివాడికి ఇచ్చారు. ఆ పిల్లల్ని తనే పెంచింది. వాళ్లే ఇప్పుడు ఆమెను చూసుకుంటున్నారు, బాగా చూసుకుంటున్నారు. ఇవన్నీ చెప్పాక కూడా ఆమె "మా అమ్మ ఒళ్లో తలెట్టుకుని వేపాకుతో తుడిపించుకోవడం ఎంత సుఖమో" అంది. జ్వరంలో, ఒళ్లంతా పొక్కులతో ఉన్నప్పటి మాట అది. పెద్ద పిల్ల కాబట్టి తల్లి ఒడి ఆమెకు మళ్లీ ఎప్పుడూ అంతసేపు దొరకలేదట.

పెద్దమావయ్య చాలాకాలం ఒప్పుకోలేదు. "నా దగ్గర ఏటీ నేదమ్మా, మీయమ్మనే అడుగు" అనేవాడు. బలవంతపెట్టలేదు. ఒకరోజు మల్కాపురంలో వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆయనే, ఫోను వైపు చూపించి, పెట్టు అన్నాడు. తమ్ముడు పోయినప్పటి ఖర్చులకి, అంతకు ముందరి తిండిగింజలకి తాతయ్య చేసిన బాకీ తీరలేదు. ఆ బాకీ కింద తొమ్మిదేళ్ల పిల్లవాడిని, అంటే మావయ్యని, రైతింట్లో కంబారిగా (పాలేరుగా) పెట్టాడు. కొత్త పైసలు రావడానికి ముందు ఏడాది. పశువుల సాలలోనే పడక. ఏడాదికి తిండి, రెండు జతల బట్టలు. జీతం కాగితం మీద బాకీలోకి పోయేది. వానాకాలం తాటాకు గిడుగు నెత్తిన పెట్టుకుని పశువుల వెనక నడవడం, దూడ తప్పిపోతే చీకట్లో కొండ మీద వెతకడం. పండక్కి ఇంటికి పంపితే, తిరిగి వెళ్లే రోజు గెడ్డ దాటే వరకు వెనక్కి తిరిగి చూడకూడదని అమ్మమ్మ చెప్పేదట. చూస్తే ఏడుపొస్తుందని.

"మీయమ్మోళ్లకి తాటిపండ్లు గురుతు. నిజమే, ఆళ్లు ఇంటికాడున్నారు. నానప్పుడు అక్కడ లేను కదా" అన్నాడు.

ఆయన లేచి ఎందుకు వెళ్లిపోతాడో అప్పుడు తెలిసింది. ఆ కబుర్లలో ఆయన లేడు. అందరూ ఒక్క ఇంట్లో పుట్టినా ఆ చిన్నతనం అందరికీ ఒక్కటి కాదు. ఒక మగపిల్లవాడు బాకీ కింద పోబట్టి మిగిలినవాళ్లు ఇంటి దగ్గర ఉండగలిగారు. బాకీ కింద మనిషిని పెట్టుకోవడం నేరమని ఆర్డినెన్సు వచ్చింది 1975 అక్టోబరులో, చట్టం మరుసటేడు. అప్పటికి మావయ్య చాలా ముందే ఆ ఇంటి నుంచి పారిపోయి విశాఖ చేరాడు. అవుటర్ హార్బర్ కడుతున్న రోజుల్లో రాళ్లు మోసి, తర్వాత పోర్టులో కళాసీగా చేసి రిటైరయ్యాడు. కూలి డబ్బులు మొదటిసారి చేతికొచ్చిన రోజు పూర్ణా మార్కెట్ దగ్గర హోటల్లో వరి అన్నం పొట్ట పగిలేట్టు తిన్నానని చెబుతూ మొదటిసారి నవ్వాడు. ఆ రికార్డింగులో ఆయన నవ్వు చాలాసేపు వినిపిస్తుంది.

ఇవన్నీ అక్షరాల్లో పెట్టడం నెలల పని అయింది. మాట్లాడితే టైపు చేసే సౌకర్యం వీళ్ల మాటను పట్టుకోలేకపోయింది కాబట్టి ఆపి ఆపి వింటూ చేత్తోనే టైపు చేశాను. వాళ్ల మాటల్ని వాళ్ల యాసలోనే ఉంచాను, సంవత్సరాలు, నెలలు పక్కన విడిగా రాశాను. ఇద్దరు రెండు రకాలుగా చెప్పిన చోట ఇద్దరివీ ఉంచాను. గానుగ ఎవరిదన్న దాని మీద అమ్మకీ పిన్నికీ ఇప్పటికీ కుదరలేదు, నేను తీర్పు చెప్పలేదు. పూర్తయ్యాక ఎవరి భాగం వాళ్లకు చదివి వినిపించాను. ఏది తీసేయమంటే అది తీసేశాను. రైతింటి పేరు వద్దన్నాడు మావయ్య, వాళ్ల మనవలు తనకు మర్యాద ఇస్తారని. పదిహేనేళ్లకే చేసిన తన పెళ్లి గురించి అమ్మ చెప్పిన కొన్ని మాటలు తీయించింది. ఆడపిల్లకు పదిహేను నిండితే చట్టానికి కూడా అప్పట్లో అభ్యంతరం లేదు, 1978లో కానీ అది పద్దెనిమిది కాలేదు. ఆ మాటలు నేను విన్నాను, అది చాలు.

మావయ్య భాగం అమ్మకు వినిపించనా అని ఆయన్నే అడిగాను. వినిపించమన్నాడు. అమ్మ మొత్తం వింది. మధ్యలో ఒకచోట "అన్నయ్య పండక్కి వచ్చినప్పుడు తేగలు మూటగట్టి ఇచ్చీది మాయమ్మ. మాకు తక్కువయ్యాయని నాను ఏడ్చీదాన్ని" అంది. మర్నాడు తనే మల్కాపురం వెళ్దామంది. అక్కడ ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను రికార్డు చేయలేదు. నేను వదినతో వంటింట్లో ఉన్నాను.

వంశవృక్షం కాగితం మార్చి రాశాం. ఏడు పేర్లు రావాలి కదా. పోయిన తమ్ముడికి పెద్దమ్మ పేరు చెప్పింది, పురిట్లో పోయిన పిల్లకు పేరు పెట్టలేదు కాబట్టి ‘పాప’ అని రాయమంది. కాపీలు తీసి అందరి పిల్లలకూ ఇచ్చాను. ఆడియోలు పెన్‌డ్రైవులో ఒకటి, గూగుల్ డ్రైవులో ఒకటి ఉంచాను.

ఇంకా పిన్ని భాగం మిగిలింది. ఆవిడ అందరికంటే చిన్నది, అక్కలు కూలికి వెళ్తుంటే చంకనెక్కి తిరిగిన పిల్ల. బడిలో అమెరికా పాలపొడి తాగిన సంగతి ఆవిడకే తెలుసు. చెవులు కాస్త మందగించాయి కాబట్టి ప్రశ్నలు పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసిపెట్టుకున్నాను. మొదటి ప్రశ్న ఇంట్లో ఎవరు ముందు తినేవారు, ఎవరు చివర తినేవారు అని. వరి కోతలు అవగానే వస్తానని కబురు పెట్టింది.